అందని గొళ్ళెం

మోకాళ్ళు సలుపుతున్నా, పుట్టి పెరిగిన వీధిని ఒక్కసారి నడిచి చూడాలనిపించింది. తోడొచ్చిన మనవరాలు సందు మొదట్లోనే ఆగిపోయింది.

"చీకట్లో ఏముందమ్మమ్మా చూడ్డానికి? తొందరగా వచ్చెయ్, నాకు భయం."

"వస్తాలేవే పిరికిదానా," అన్నాను.

ఒకప్పుడు కొండంత ఎత్తున్న బడిగోడ ఇప్పుడు నా భుజం దాకా కూడా లేదు. అన్నీ అలాగే పొట్టివైపోయాయి. ఎప్పుడో అమ్ముకున్న మా ఇంట్లో దీపం లేదు. ఊరికే తాకి చూద్దామని తలుపు గొళ్ళెం మీదికి చెయ్యి చాచాను. అందలేదు. చిన్నప్పటిలాగే మునివేళ్ళ మీద లేస్తే అందింది. మోకాలు కలుక్కుమనలేదు.

గొళ్ళెం తీయగానే లోపల గాజులు గలగలమన్నాయి.

"ఇంతసేపూ ఎక్కడ తిరిగావే? మొహమంతా పీక్కుపోయింది. వచ్చి పడుకో తల్లీ," అంది అమ్మ.

నన్నలా పడుకోమని ఎవరైనా అని ఎన్నేళ్ళయిందో. గుమ్మం దాటి లోపలికి వెళ్ళాను.

వీధిలోంచి కేక వినిపించింది. "అమ్మమ్మా! ఎక్కడున్నావ్?"

"ఎవరే ఆ పిల్ల?" అంది అమ్మ. "ఆ తలుపు వేసెయ్, చలి."

ఆ గొంతు ఎక్కడో విన్నట్టే ఉంది. పాపం, బాగా భయపడినట్టుంది. ఎవరి పిల్లో గుర్తొస్తే పలుకుదామని, గడియ మీద చెయ్యి వేసి ఆలోచిస్తున్నాను.