పనిచేయదు

"ఇది మంచిగనే నడుస్తుంది సార్," పాత కంప్యూటర్ తెర వెలగగానే అన్నాడు డానియేలు. పాతబస్తీలోని ఆ ప్రభుత్వ ఆఫీసులో పన్నెండేళ్లుగా కంప్యూటర్లను బాగుచేస్తున్నది అతనే.

"కొత్తవి వచ్చేశాయి కదయ్యా. ఇవి తుక్కులో వెయ్యాలంటే, ఒక్కోదానికీ పనిచేయదని రాసి నువ్వు సంతకం పెట్టాలి," అన్నాడు ఆఫీసర్ వీరరాఘవరావు.

"మా బహదూర్‌పురా బడికిద్దాం సార్. పిల్లలు నేర్చుకుంటరు."

"రూల్స్ ఒప్పుకోవు."

"నడిచేదాన్ని నడుస్తలేదని ఎట్ల రాయాలె సార్? అబద్ధం నాతోని కాదు."

"సాయంత్రానికి కాగితం నా బల్ల మీదుండాలి." ఆయన వెళ్లిపోయాడు.

డానియేలు కంప్యూటర్ డబ్బా విప్పి, తాను బిగించిన మదర్‌బోర్డునే మోకాలికి ఆనించి విరిచాడు. బాధ కలుగుతుందనుకున్నాడు. ఏమీ కలగలేదు. కాగితం మీద పనిచేయదని నిజమే రాసి, సంతకం పెట్టాడు.

రెండో కంప్యూటర్‌ను మాత్రం ఆన్ చేసి చూడలేదు. నేరుగా విప్పాడు.