ఎడమవైపు బాణం

వెనకసీట్లో పడుకున్న చిన్ని గుండెల్లో పిల్లికూతలు ముందుసీటుదాకా వినిపిస్తున్నాయి.

ఐదేళ్ల మనవరాలు. మధ్యాహ్నం అన్నం తింటూనే ఎగపోయడం మొదలుపెట్టింది. పీల్చే మందు రెండుసార్లు కొట్టినా తగ్గలేదు. మాదాపూర్ ఆఫీసులో ఉన్న కూతురు ఫోను ఎత్తడంలేదు. అల్లుడు కంపెనీ పనిమీద బెంగుళూరు వెళ్లాడు. ఫిల్మ్‌నగర్ గుట్టమీద ఆ చివరి వీధిలోకి ఆటోలు రావు. ఇక మిగిలింది వాకిట్లో ఉన్న పాత కారు, దాన్ని నడపాల్సిన శారదాదేవి.

ఆమెకు లైసెన్సు ఉంది. లేనిది ధైర్యమే. కూరగాయలకో, గుడికో తప్ప ఆ కారును ఎప్పుడూ బయటికి తీయలేదు.

గేటు దాటి వాలులోకి దిగిందో లేదో, స్టీరింగు వెనక ఎర్రదీపం వెలిగింది. పెట్రోలు ముల్లు అడుక్కి పడిపోయి ఉంది.

అరచేతుల్లో చెమటకి స్టీరింగు జారింది. జూబ్లీహిల్స్‌లో ఆసుపత్రి ఇంకా నాలుగు కిలోమీటర్లు. సగం ఎత్తులో బండి ఆగిపోతే? వెనక లారీ వస్తూంటే? పిల్లను భుజాన వేసుకుని ఎంతదూరం పరుగెత్తగలదు?

"చిన్నీ, మాట్లాడవే."

"అమ్మమ్మా... ఇంకా... ఎంత... దూరం?"

ఒక్కో మాటకీ ఒక్కో ఊపిరి.

పుట్టి బుద్ధెరిగాక ఆమె పెట్రోలు పోయించింది లేదు. భర్త అచ్యుతరామయ్య ఉన్నన్నాళ్లూ అది ఆయన పని. ఆయన పోయిన ఈ ఎనిమిది నెలల్లో, నెలకోసారి మెకానిక్కు బాలనర్సయ్య షేక్‌పేట నుంచి వచ్చి, కారు తీసుకెళ్లి, ట్యాంకు నింపి తెచ్చిపెడుతున్నాడు. ఈ నెల చెల్లెలి పెళ్లని ఊరెళ్లినవాడు ఇంకా తిరిగి రాలేదు.

భయంలోంచి కోపం పుట్టుకొచ్చింది. భర్తమీదే. గుండెకు చిన్న ఆపరేషన్, రెండురోజుల్లో వచ్చేస్తానన్నాడు. రాలేదు. దానికి ముందు వారమంతా కారు రిపేరంటూ బయటే తిరిగాడు. పొద్దున వెళ్తే చీకటిపడ్డాకే ఇల్లు చేరడం. పక్కన కూర్చుని నాలుగు మాటలు చెప్పింది లేదు. నేను లేకపోతే నువ్వెలా ఉంటావని అడిగింది లేదు.

మలుపు తిరగ్గానే బంకు కనిపించింది. అక్కడ మరో చిక్కు. రెండు వరుసలు, రెండూ నిండా బళ్లే. ట్యాంకు మూత కారుకి ఏ పక్కనుందో ఆమెకు తెలియదు. తప్పు వరుసలో నిలబడితే మళ్లీ చుట్టూ తిరిగి అందరికంటే వెనక చేరాలి. వెనకనుంచి హారన్లు మోగిపోతున్నాయి.

దిక్కుతోచక ముల్లు వంకే చూసింది. పెట్రోలు గుర్తు పక్కన గోరంత తెల్లబాణం. ఎడమవైపు చూపిస్తోంది.

ఆలోచించకుండా స్టీరింగు తిప్పేసింది.

అక్కడ పనిచేసే నీలమ్మ కారులోకి వంగి పిల్లను చూసింది. ముందున్న స్కూటర్లవాళ్లని చెయ్యెత్తి ఆపింది. "జర ఆగున్రి అన్నా, పాపకు బాగలేదు. ముందుగాల ఈ అమ్మకు పోస్త." ఒక్కరూ కాదనలేదు. ఆ గడబిడలో అదొక చల్లని మాట.

"మూత తెరువున్రి మేడమ్."

ఎక్కడ తెరవాలి? సీటు కింద చెయ్యిపెట్టి తడిమింది. వేలికి రబ్బరు బుడిపె ఉన్న మీట తగిలింది. వంగి చూస్తే దానికి ఎర్రరంగు చుక్క. లాగింది. వెనక టక్కుమంది.

నీలమ్మ లోపలి బిరడా విప్పింది. చిన్న తాడుతో కట్టి ఉండడం వల్ల అది కిందపడలేదు. బయటి మూత లోపలివైపు దాన్ని తగిలించుకోవడానికి ఒక కొక్కెం. ట్యాంకు నోటికింద రబ్బరు నాలుక. పోస్తున్నప్పుడు ఒలికిన చుక్కలు కారుమీదికి జారకుండా దానిమీదనుంచి నేలమీద పడ్డాయి.

"దినాం బిరడాలు గీడనే మరిచిపోతరు మేడమ్. చేతులకు, బట్టలకు పెట్రోల్ వాసన. గీ బండి చేసినోనికి ఆడోళ్ల తిప్పలు ఎరుకే," అంది నీలమ్మ.

నిజమే అనుకుంది శారదాదేవి, గేరు మారుస్తూ. ముప్పైనాలుగేళ్లు కాపురం చేసిన మనిషికి తట్టనిది, ముక్కూ మొహం తెలియని ఇంజనీరుకి తట్టింది.

ఆసుపత్రిలో చిన్నికి మాస్కు పెట్టారు. పావుగంటకు పిల్లికూతలు సన్నగిల్లాయి. అరగంటకు పిల్ల ఐస్‌క్రీం అడిగింది. అప్పుడుగానీ శారదాదేవి కుర్చీలో కూర్చోలేదు.

మూడోరోజు బాలనర్సయ్య వచ్చాడు. కారు ఖాళీగా వదిలేసి ఊళ్లో ఉండిపోయినందుకు తప్పయిందన్నాడు. ఆమె కాఫీ ఇచ్చి, జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పింది.

"ఆ కార్ల కంపెనీ అడ్రసు కావాలి నర్సయ్యా. ఉత్తరం రాయాలి."

"ఏం ఉత్తరమమ్మా?"

"బాణం, మీటకి ఎర్రచుక్క, కొక్కెం. అవన్నీ పెట్టిన ఆ మహానుభావుడికి దండం పెట్టుకోవాలి. మీ సారుకి నామీద లేని ఆలోచన అతనికుంది."

బాలనర్సయ్య కాఫీ తాగలేదు. గ్లాసు కిందపెట్టేశాడు.

"గవేవీ కంపెనీయి కావమ్మా, ఆపరేషన్ల బతికే ఆశ తక్కువని డాక్టర్లు చెప్పినంక, మీకు చెప్తే భయపడ్తరని, సారు వారం దినాలు నా షెడ్డుల కూసోని అన్నీ తన చేతులతోని పెట్టిండు."