దీక్షిత చూడని ముక్క

“ఈడ ఏందో తీసేసినావ్ దీక్షితా,” అంది ఉషశ్రీ టీచర్, కంప్యూటర్లో వీడియో ఆపి. “మీ నాయన అమ్మవారి ముక్కు చెక్కుతాండాడు. ఆ వెంటనే ఖాళీ పీట చూపించినావ్. అమ్మవారు యాడికి పోయింది?”

దీక్షిత తల దించుకుంది. తొమ్మిదో తరగతి పిల్లలంతా తమ ఇంటి పని మీద ఫోన్లతో చిన్న చిన్న కథలు తీశారు. ఆళ్లగడ్డలోని ఆ చిన్న బడి నుంచి ఒక్కటే నంద్యాల ప్రదర్శనకు వెళ్తుంది. టీచర్ మనసు దీక్షిత కథ మీదే ఉంది.

“మూర్తి చెడిపోయింది మేడం. నా వల్లనే.”

ఆ రోజు శిల్పాల షెడ్డులో వీడియో ఆన్ చేసి ఫోను ఒక రాయికి ఆనించి, తను వాకిట్లో నిలబడి “నాయనా, ఈడ చూడు” అని పిలిచింది. లోపలికి వెళ్లేసరికి నాయన నరసింహులు తల పట్టుకుని కూర్చున్నాడు. “పిలిస్తివి, ఉలి జారె!” అన్నాడు. ముక్కు చెదిరిన మూర్తి గుడికి పనికిరాదు. మూర్తిని గుడికి తీసుకుపోదామని మేళంతో వచ్చిన కోయిలకుంట్ల వాళ్లు ఉత్త చేతులతో తిరిగిపోయారు.

చేతిలో మూర్తి చెడితే ఆ శిల్పిని మళ్లీ మూర్తి ముట్టనివ్వడు షెడ్డు యజమాని ఆదినారాయణ. రోళ్లు చెక్కుకోమంటాడు. తప్పు పిల్లదని తేలడంతో నరసింహులును వదిలేశాడు. వీధి మాత్రం పిల్లను వదల్లేదు. “అమ్మవారి ముక్కు తీసింది ఈ పిల్లే” అని వేలు పెట్టి చూపిస్తుంటే తల కొట్టేసినట్టుండేది. అప్పటినుంచి బడికి చుట్టు తిరిగి వస్తోంది.

“ఆ తీసేసిన వీడియో ముక్క నువ్వు చూసినావా?”

“లేదు మేడం. ఎట్ల చూడాల? సిగ్గయితాది.”

“అదే కథ పాపా. తప్పు ఒప్పుకున్నోళ్లను చూసి ఎవరూ నవ్వరు. అది పెడదాం.”

“మా నాయన వద్దన్నాడు. చెరిపేయ్, మళ్లా నీకే చెడ్డపేరు అన్నాడు. పొద్దున గూడా అడిగినాడు, చెరిపినావా అని.”

కూతురి పరువు కోసం ఇంత తపించే తండ్రిని తలుచుకుని టీచర్‌కు ముచ్చటేసింది. “మీ నాయన మనసు బంగారం. చెరిపినావా మరి?”

“లేదు మేడం. తప్పు చేసి దాపెట్టినట్టు ఉంటాదని ఉంచినా.”

టీచర్ ఆ ముక్క తెరిచింది. దీక్షిత అరచేతుల్లో ముఖం దాచుకుంది. ఎలాగూ పరువు పోయింది కదా అని కాసేపటికి వేళ్ల సందుల్లోంచి చూసింది.

తెర మీద నాయన వంగి చెక్కుతున్నాడు. సుత్తి పడింది. ముక్కు కొస ఊడి ఒళ్లో పడింది. నాయన అటూ ఇటూ చూసి, దాన్ని గుప్పిట్లో మూసుకున్నాడు.

“నాయనా, ఈడ చూడు,” అన్న పిలుపు ఆ తర్వాత వినిపించింది.