కల్తోమ్ వండిన రెండాంగ్

"ఆ క్యారేజీ ఎవరికమ్మా?"

రిజ్మాన్ మెట్లకు అడ్డంగా నిలబడ్డాడు. కౌలాలంపూర్ నుంచి కారులో వచ్చి గంట కూడా కాలేదు. తెల్లవారితే రంజాన్ పండుగ. పెరట్లో కట్టెల పొయ్యి మీద, పెద్ద ఇనప బాణలిలో రెండాంగ్ పొద్దుటి నుంచీ మగ్గి మగ్గి నల్లగా దగ్గరపడింది. కొబ్బరిపాలు ఇగిరిపోయి నూనె తేలిన మాంసం వాసన ఉపవాసం ఉన్నవాడి ప్రాణం తోడేస్తోంది.

కల్తోమ్ తొణకలేదు. క్యారేజీ మూత బిగించి, గుడ్డతో చుట్టూ తుడిచింది.

"సాలెహాకి."

"ఏ సాలెహా?"

"ఈ ఊళ్ళో నాకు తెలిసిన సాలెహా ఒకతేరా. మీ నాన్న రెండో పెళ్ళాం."

రిజ్మాన్‌కి ఒళ్ళు మండిపోయింది. "నాకు ఏడేళ్ళప్పుడు నాన్నని మన ఇంట్లోంచి లాక్కుపోయిన మనిషి! ఆవిడకి నువ్వు వండి మోసుకెళ్తావా? ఊరు ఊరంతా నవ్వదూ?"

"నవ్వనీ. వాళ్ళ నోళ్ళు నేను కుట్టగలనా?"

"అమ్మా!"

"పక్షవాతం వచ్చి ఆరు నెలలైంది. కుడి చెయ్యి లేవదు. మీ నాన్నా పోయాడు, పిల్లాజెల్లా లేరు. పండుగ పూట ఎవరు పెడతారు?"

"ఎవరో ఒకరు పెడతారు. నువ్వు పెట్టక్కర్లేదు."

"నేనే పెడతాను."

రిజ్మాన్ గొంతు మార్చాడు. చిన్నప్పుడు సైకిల్ కావాలని అడిగిన గొంతు అది.

"హాస్టల్లో ఉన్నప్పుడు అందరికీ ఒకటే మాట చెప్పేవాణ్ణి, మా అమ్మ చేసే రెండాంగ్ పేరాక్ రాష్ట్రం మొత్తం మీద ఎక్కడా దొరకదని. నాన్న ఆ ఇంట్లో ఉన్న పండుగలకి కూడా నువ్వు కన్నీళ్ళు పెట్టుకోలేదు. ఎప్పుడు లేచి వండేదానివో ఏమో, మేం కళ్ళు తెరిచేసరికి గిన్నె పొయ్యి మీద ఉండేది. ఆ వాసన చూశాకే మాకు పండుగ వచ్చినట్టుండేది. ఆవిడ అన్నీ తీసుకుపోయింది, నీకు మిగిలింది నీ చేతి వంట ఒక్కటే. అది కూడా పట్టుకెళ్ళి ఆవిడ నోట్లో పెడతావా?"

కల్తోమ్ చెయ్యి క్యారేజీ పిడి మీద ఆగిపోయింది. కొడుకు ముఖంలోకి చూసింది. ఏదో అనబోయి మానుకుంది.

"తప్పుకో."

"తప్పుకోను."

"పొద్దున్నుంచి పొగలో కళ్ళు మండించుకున్నది నేను. కొబ్బరి వేయించి రోట్లో నూరింది నేను. గరిటె తిప్పీ తిప్పీ భుజం పట్టేసింది నాది. ఎవరికి పెట్టాలో చెప్పడానికి నువ్వెవడివిరా? నీ వయసు పిల్లలకి భయపడే రోజులా నావి?"

"అయితే రేపు నేను ఈ ఇంట్లో మెతుకు ముట్టను. ఇప్పుడే వెళ్ళిపోతాను."

"వెళ్ళు. వెళ్ళేటప్పుడు గేటు దగ్గరగా వేసి వెళ్ళు, కోళ్ళు బయటికి పోతాయి."

అరవై ఎనిమిదేళ్ళ మనిషి కొడుకు చేతి కిందనుంచి వంగి దూరి మెట్లు దిగింది. తల మీది ముసుగు పైనుంచే హెల్మెట్ పెట్టుకుంది. క్యారేజీని పాత మోపెడ్‌కి తగిలించి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది.

రిజ్మాన్ గేటు దగ్గరగా వేశాడు. ఆ తర్వాత కారెక్కాడు, కౌలాలంపూర్ వెళ్ళడానికి కాదు. ముప్పై ఏళ్ళుగా కడుపులో దాచుకున్న నాలుగు మాటలూ ఇవాళ ఆ సాలెహా ముఖాన కొట్టి వస్తే గాని వాడికి నిద్ర పట్టదు. జబ్బు మనిషైతే మాత్రం ఏం, చెవులు పనిచేస్తాయిగా!

రబ్బరు తోట దాటాక ఏటి ఒడ్డున కర్రస్తంభాల మీద చిన్న చెక్క ఇల్లు. వాడు ఆ గుమ్మం ఎన్నడూ తొక్కలేదు. మెట్ల దగ్గర తల్లి చెప్పులున్నాయి. చెప్పులు విప్పి విసురుగా పైకెక్కాడు. తలుపు ఓరగా తెరిచి ఉంది.

లోపల పరుపు మీద దిండ్లకు ఆనుకుని ఎముకల గూడులాంటి మనిషి కూర్చుంది. మూతి ఒక పక్కకి జారింది. కల్తోమ్ పక్కనే నేల మీద కూర్చుని మాంసం ముక్కను వేళ్ళతో మెత్తగా చిదుపుతోంది.

"నోరు తెరు," అంది కల్తోమ్. "జబ్బుదానివి, నీకు ఉపవాసం లేదుగా. నేను ఉపవాసంతో ఉండి, రుచి చూడకుండా వండాను. ఎలా ఉందో చూసి చెప్పు. రిజ్మాన్ వచ్చాడు. రేపు పొద్దున్నే తింటాడు."

రిజ్మాన్ తలుపు మీద చెయ్యి వేశాడు. మాటలన్నీ నాలుక చివరికి వచ్చేశాయి.

సాలెహా ముద్దను మెల్లగా, చాలాసేపు నమిలింది. మింగింది. పెదవి విరిచింది.

"లాభం లేదక్కా, కొబ్బరి ఇంకా ఎర్రగా వేగాలి," అంది ముద్దముద్దగా. "వాడు ఇట్టే పట్టేస్తాడు. ముప్పై ఏళ్ళు, పండుగ పండుగకీ, నేను వండి తెల్లారకముందే నీ వంటింటికి పంపిన రెండాంగ్ తిని పెరిగిన నాలుకక్కా వాడిది."