రెండద్దాల నడుమ మసక

“తుడిచినవా?” అన్నాడు ఐలేశం, కిటికీ అద్దం మీద వేలితో గీత గీస్తూ.

“తుడిచిన్నన్నా! లోపట తుడిచిన, బయట తుడిచిన. ఉప్పుతోని రుద్దిన, నిమ్మకాయతోని రుద్దిన. నల్గొండల ఒకాయన దిష్టి తగిలిందంటె గుమ్మడికాయ గూడ కట్టిన.”

“గుమ్మడికాయ కట్టినంక గూడ పోలేదా?” ఐలేశం ఎంతో ఆశ్చర్యపోయినట్టు ముఖం పెట్టాడు.

నకిరేకల్ హైవే పక్కన, లారీలకూ బస్సులకూ అద్దాలు బిగించే ఐలేశం షెడ్డు ముందు దివాకర్ గారి కారవాన్ నిలబడి ఉంది. మంచం, పొయ్యి, ఏసీ అన్నీ ఉన్న ఇల్లులాంటి బండి. ఉన్న రెండెకరాలూ అమ్మి, ఎవరో వాడి వదిలేసిన ఈ బండిని కొని, పట్నం జనానికి అమ్రాబాద్ అడవి దారిలో పులిని చూపించే మహా వ్యాపారంలోకి దిగాడు దివాకర్. బండికి ఉన్నవన్నీ జోడు అద్దాల కిటికీలు. అన్నీ తెల్లగా మసకబారి ఉన్నాయి.

“మసక లోపట లేదు, బయట లేదు తమ్మీ. నడుమ ఉన్నది. రెండద్దాలను పట్టి ఉంచిన బంక పగిలి తేమ దూరింది. నువ్వు గాదు, మీ తాత దిగొచ్చి తుడిచినా పోదు.”

“కొత్తయి ఎయ్యరాదె?”

“ఎయ్యొచ్చు. గీ కొలతలవి ఈడ దొర్కయి. తెప్పియ్యాలంటె రెండు నెలలు.”

“ఆదివారం ప్రేమ్‌సాగర్ సార్ వస్తుండన్నా! రెండు నెలలంటె నేను సచ్చినట్టే.”

ప్రేమ్‌సాగర్‌కు హైదరాబాద్‌లో పెద్ద హోటలుంది. పులిని తన కళ్లతో స్పష్టంగా చూస్తే చాలు, ఏడాది పొడుగునా తన అతిథులను ఈ బండిలోనే పంపుతానన్నాడు. లేకపోతే అమ్ముకున్న రెండెకరాల్లోనే కూలికి పోవలసి వస్తుందని దివాకర్ భార్య స్వర్ణ రోజూ అన్నంతోపాటు వడ్డిస్తోంది.

“గీ మసకల ఇన్నొద్దులు పులినెట్ల చూపిచ్చినవ్?” అన్నాడు ఐలేశం.

“కనవడ్తది గదనే! పచ్చటి ఒళ్లు, నల్లటి చారలు. అదే మలుపు, అదే పదిగంటలు. నా బండెక్కి పులిని చూడకుంట మళ్లినోడు లేడు. అందరిదీ ఒక్కటే మాట, జర మసకగ కనవడ్డదని. ఇద్దరు ముగ్గురు చిన్నగున్నదన్నరు. దూరంకెల్లి చూస్తె చిన్నగ గాక?”

“పదింటికి బరాబర్ వస్తదా? ఆఫీసుల సార్లు గూడ గంత టైముకు రారు.”

“దాని జాగ అది. ఆ తొవ్వంత కోతులే. ఆ మలుపుకాడ మాత్రం ఒక్క కోతి ఉండదు. పులి ఉన్నకాడ కోతులుంటయా? నువ్వే చెప్పు!”

ఈ శాస్త్రానికి తలూపి ఐలేశం పనిలోకి దిగాడు. కిటికీలన్నీ ఊడదీశాడు. అద్దాలను జోడు విడదీసి, కడిగి, రెండు రోజులు ఎండలో ఆరబెట్టాడు. నడుమ తేమ పీల్చే గుళికలు పోసి, కొత్త బంకతో అంచులు మూసి మళ్లీ బిగించాడు. చివరికి అద్దం ఉందో లేదో తెలియక దివాకరే వెళ్లి దానికి నుదురు గుద్దుకున్నాడు. నొప్పి పెట్టినా సంతోషమే అయింది.

ఆదివారం పొద్దున ప్రేమ్‌సాగర్‌ను ఎక్కించుకుని అడవి దారి పట్టాడు. మలుపుకు ముందు వచ్చే ఊళ్లో, చాయ్ హోటల్ దగ్గర గాలయ్య కాచుకుని ఉన్నాడు.

“బిడ్డా, జుట్టుకేసే రంగు తెచ్చినవా?”

ప్రతి ట్రిప్పుకూ నాలుగు పొట్లాలు తేవాల్సిందే. డెబ్బై దాటిన ముసలాయన సోకు చూస్తే దివాకర్‌కు నవ్వాగదు. ఇంతా చేసి తలగుడ్డ తీసి ఆ నల్లటి జుట్టు ఒక్కసారన్నా చూపించిన పాపాన పోలేదు.

“ఎవలికోసం తాతా గీ సోకు?”

“సోకు గాదు బిడ్డా, అక్కెర. పది దినాలకే వెలిసిపోతాంది.”

“చేనుకాడ పైలం. పులి తిరుగుతాంది.”

“నాకేం ఫికర్ లేదు. మా మక్కచేన్లకు ఏదీ రాదు,” అంటూ గాలయ్య పొట్లాలు రొండిన దోపుకుని చేనుదారి పట్టాడు. ఆ ధైర్యం చూసి దివాకర్ జాలిపడ్డాడు. పాపం, అమాయకుడు.

ప్రేమ్‌సాగర్ బండిలోనే ఉప్మా తిని, రెండు చాయ్‌లు తాగి, సరేననేసరికి గంట గడిచింది. మలుపు చేరేసరికి పది. ఆ మలుపులో ఎవరూ తలుపు తీయకూడదన్నది దివాకర్ పెట్టిన కట్టడి. ఇంతవరకూ తనే ఒక్కసారి కూడా తీయలేదు.

“అగో సార్!”

మక్కచేను అంచున, మొక్కజొన్న కర్రల సందుల్లోంచి పసుపుపచ్చటి వీపు, దాని మీద నల్లటి చారలు. ఒక్కొక్క చారనూ లెక్కపెట్టుకోవచ్చు. ప్రేమ్‌సాగర్ అద్దానికి ముక్కు ఆనించాడు. ఏడాది వ్యాపారం చేతికి వచ్చేసినట్టే.

అప్పుడే చేనులోంచి గాలయ్య బయటికి వచ్చాడు. చేతిలో కొబ్బరిచిప్ప, అందులో చిన్న బ్రష్షు. వంగి, నేరుగా పులి వైపే నడుస్తున్నాడు.

దివాకర్ వ్యాపారం మరిచిపోయాడు, ప్రేమ్‌సాగర్‌ను మరిచిపోయాడు, తన కట్టడినీ మరిచిపోయాడు. ఆ ముసలాయన కళ్లముందే పోతాడన్న భయం ఒక్కటే మిగిలింది. ధడాలున తలుపు తీసి కిందికి దూకాడు.

“తాతా! ఎనకకు ఉరుకు! పులి!”

గాలయ్య ఉలిక్కిపడ్డాడు. చిప్పలోని నల్లరంగు సగం ఒలికిపోయింది.

“ఏడ బిడ్డా? ఏడున్నది పులి?” నాలుగు దిక్కులా చూశాడు.

అతని కాళ్లకు ఒళ్లు రుద్దుకుంటూ, పులి మొరిగింది.