తూనీగకో కొత్త ఫిన్

“ఇంకొక్క పొర కార్బన్ వేశావంటే మళ్ళీ నీళ్ళపాలే!” అని తనను తానే కసురుకున్నాడు ఫిన్‌ల మేస్త్రి. అచ్చులో గాజుబట్ట పరిచి, ఎపాక్సీ జిగురు పట్టిస్తున్నాడు.

విండ్‌సర్ఫింగ్ క్లబ్బు సెక్రటరీ గుమ్మంలోనే ఆగి ముక్కు మూసుకున్నాడు. “ఈ కంపులో ఎలా ఉంటారండీ బాబూ! ఇది కూడా మీ తూనీగగారికేనా?”

తూనీగ అన్నది ఒడ్డునున్నవాళ్ళంతా కలిసి పెట్టిన పేరు.

“ఇంకెవరికి? తెరచాప పలక అడుగున ఈ రెక్క నీళ్ళను పట్టుకుంటేనే కదా, గాలికి పక్కకి జారిపోకుండా ఉండేది! పాతది మొత్తం కార్బనే. కండలు తిరిగిన కుర్రాళ్ళకి సరే, పిట్టంత మనిషికి అంత బిరుసు పనికిరాదు. అందుకే మొదలు దగ్గర కార్బన్, కొసకి గాజుబట్ట.”

“పోయిన రెండు పందేల్లోనూ సగంలో పడిపోవడం అందరం చూశాం. ఈ ఆదివారమూ అంతే అయితే ఇక పేరు రాసుకునేది లేదని కమిటీ తేల్చేసింది. అయినా ఈ వయసులో ఈ సాహసాలేంటండీ? మీరే గారాబం చేసి నెత్తికెక్కించుకున్నారు.”

“చెప్తే వింటుందా! మొన్న మోకాలు చెక్కుకుపోతే మందు రాయబోయాను. చెయ్యి విదిలించుకుని మళ్ళీ నీళ్ళలోకే పరుగు. అది మాన్పిస్తే దిగులుతో మంచం పడుతుందయ్యా.”

సెక్రటరీ ముక్కు మూసుకునే వెళ్ళిపోయాడు.

జిగురు గట్టిపడ్డాక మేస్త్రి అంచులు అరగదీశాడు, తడి గరుకుకాగితంతో నున్నగా రుద్దాడు. మొదలు బిగించి, కొసకి బరువు వేలాడదీశాడు. ఫిన్ వంగింది. బరువు తీయగానే ఠక్కున నిటారుగా నిలబడింది.

“భేష్!” అని తన భుజం తనే తట్టుకున్నాడు.

ఆదివారం గాలి రెచ్చిపోయింది. ఆఖరి మలుపులో కుర్రాళ్ళ పలకలు ఒకదాని వెనక ఒకటి పక్కకి జారాయి. తూనీగది మాత్రం అంగుళం కూడా జారలేదు. అందర్నీ దాటేసి దూసుకొచ్చింది.

మేస్త్రి చెప్పులు వదిలేసి నీళ్ళలోకి పరిగెత్తాడు. “కొట్టేసింది! చూశారా, మా తూనీగ కొట్టేసింది!” కళ్ళవెంట నీళ్ళు, నోటినిండా నవ్వు.

“ఒప్పుకున్నాను మహానుభావా! వచ్చే ఏడు మొదటి పేరు తూనీగదే,” అంటూ సెక్రటరీ అతన్ని కావలించుకున్నాడు. ఒడ్డంతా ఈలలే.

ఫొటోలవాళ్ళు చుట్టుముట్టారు. “ఒక్క నవ్వు, తూనీగగారూ!”

తూనీగ పెదాలు బిగించుకునే మేస్త్రి దగ్గరికొచ్చి, చెయ్యి చాపింది.

“ఏమండీ, నా కట్టుడుపళ్ళు ఇటివ్వండి.”