నీలం డబ్బా మూత

"ఆ నీలం డబ్బా మూత మీరే తీశారు," అంది ఆవిడ మూడోసారి.

"నాకేం తెలుసు? వంటిల్లు నీది," అన్నాడాయన కంచంలోంచి తలెత్తకుండా.

"కొన్న వారానికే మాయమైంది. ఇన్నేళ్ళుగా దానిమీద పళ్ళెం బోర్లించి నెట్టుకొస్తున్నాను. డబ్బా మూతలు కనిపెట్టిన మనిషింట్లో మూతకి దిక్కులేదని మీ అక్కయ్యే నవ్విపోయింది."

కూతురు కిసుక్కున నవ్వింది. అల్లుడు కాగితాల్లోంచి బయటికి రాలేదు. మామగారి తరఫు ప్లీడరు అతనే. రేపే విచారణ.

ఒలకని టిఫిను డబ్బా మూతకి ఆయన పేటెంటు తీసుకున్నాడు. మొదటి దరఖాస్తులో మూతని బిగించేది స్టీలు స్ప్రింగు. రెండేళ్ళ తరవాత పెంచి అడిగిన హక్కుల్లో రబ్బరు రింగు కూడా చేరింది. ఇప్పుడు రబ్బరు రింగు డబ్బాలు చేసే ఒక మొగుడూ పెళ్ళాల మీద దావా. ఈయన గెలిస్తే వాళ్ళ చిన్న కార్ఖానాకి తాళమే.

"మొదటి దరఖాస్తులో లేనిదానికి తరవాత హక్కేమిటంటున్నారు మావయ్యగారూ, వాళ్ళు," అన్నాడు అల్లుడు. "నాలుగో పేజీలో 'స్ప్రింగు లాంటిదేదైనా' అని రాశారుగా. అప్పటికే రబ్బరు మీ మనసులో ఉందని రేపు ఒక్క ముక్క చెప్పండి, చాలు."

"నాన్న బుర్ర కొట్టేసి పైగా దబాయింపొకటి," అంది కూతురు.

ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఎదురుగా గోడమీద తన సన్మానం ఫొటో కనబడకుండా కుర్చీ పక్కకి జరుపుకున్నాడు.

"ఆ మొదటి దరఖాస్తులో పదకొండు బొమ్మలు గీశాను. అన్నిట్లోనూ స్ప్రింగే."

"అయితేనేం?" అన్నాడు అల్లుడు.

"మనసులో ఉన్నది గీయకుండా ఏనాడైనా ఊరుకున్నానా?"

"ఊరుకోరు. మా నాన్నకి ఉత్తరం రాయమంటే కుర్చీ బొమ్మ గీసి పంపారు," అంది ఆవిడ.

ఎవరూ నవ్వేలోపే ఆయన లేచి చెయ్యి కడుక్కున్నాడు. పనిగదిలోకి వెళ్ళి, అడుగు సొరుగులోంచి గుడ్డమూట ఒకటి తెచ్చి బల్లమీద విప్పాడు.

రంపంతో నిలువునా కోసిన నీలం మూత. రెండు ముక్కలు.

ఆవిడ ఒక ముక్క తీసి చూసి, మళ్ళీ అక్కడే పెట్టింది.

"రబ్బరు మీద హక్కు వదులుకుంటున్నానని రేపు చెప్పేస్తాను," అన్నాడాయన, అందరికీ వినబడేలా, నెమ్మదిగా. "మీ అమ్మ ఆరోజు కొన్నది ఆ కార్ఖానావాళ్ళ డబ్బానే, దీన్ని కోసి చూసేదాకా నాకు రబ్బరు తట్టనేలేదు."